పడవలో ఫ్రిజ్‌కి కరెంటు ఎక్కడిది?

చిన్నూ, అమ్ములూ,

ఫోన్లో మీరడిగిన ప్రశ్నకి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అది రెండు ముక్కల్లో తేలేది కాదు. ఇక్కడ అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బే అనే అఖాతంలో ఎండాకాలం విజయవాడంత మండకపోయినా ఉక్కపోతకి మాత్రం లోటు లేదు, పాలు పొద్దున బయట పెడితే సాయంత్రానికి విరుగుతాయి. అందుకని తెరచాప పడవలో కూడా ఫ్రిజ్ కావాల్సిందే.

మనింట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసి ఉంటుంది చూడండి, ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో ఆ లెక్క. పడవలో 100 ఏహెచ్‌వి రెండున్నాయి. మొత్తం 200 అనుకోకండి, లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతుంది కాబట్టి నిజంగా వాడుకోగలిగేది 100. ఫ్రిజ్ కంప్రెసర్ 12 వోల్టుల మీద 4, 5 ఆంపియర్లు లాగుతుంది, వేడిరోజుల్లో సగం సేపు తిరుగుతూనే ఉంటుంది, అంటే రోజుకి 50 ఏహెచ్ దానికే పోతుంది. లంగరేసి ఉన్నప్పుడు లైట్లూ రేడియో అన్నీ కలిపినా అంత తినవు. బ్యాటరీలు నింపేది సోలార్ ప్యానెల్ కాబట్టి రెండ్రోజులు మబ్బు పడితే ఇక టెన్షనే.

ఇక్కడ చాలామంది ఇంకో బ్యాటరీ కొను, ఇంకో సోలార్ ప్యానెల్ పెట్టు అంటారు. నేను మాత్రం ముందు ఫ్రిజ్ పెట్టె సంగతి చూడమంటాను. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేయదర్రా, లోపలికి దూరిన వేడిని బయటికి తోడేస్తుంది, అంతే. చిల్లు పడవలో నీళ్ళు తోడినట్టు. చిల్లు మూయకుండా పెద్ద చెంబు కొంటే ఏం లాభం?

వేడి ఎక్కడెక్కణ్ణించి దూరుతుందో వెతకడం భలే సరదా పని. గోడల్లో ఫోమ్ నాలుగంగుళాలన్నా ఉండాలి, పాత పడవల్లో అది తడిసిపోయి ఉన్నా పైకి తెలీదు. మూత రబ్బరు మీద కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. అడుగున నీళ్ళు పోయే కన్నం తెరిచే ఉంటే చల్లగాలంతా అందులోంచి జారిపోతుంది, ఎందుకంటే చల్లగాలి బరువు. ముందు తలుపున్న ఫ్రిజ్ తెరిస్తే చల్లగాలి కాళ్ళ మీదకి దొర్లుతుంది, పైమూత పెట్టెలో అలా జరగదు. అడుగున ఉన్న పెరుగు గిన్నె కోసం సామానంతా తియ్యాలని మీ నానమ్మ విసుక్కుంటుంది, అది వేరే సంగతి.

కంప్రెసర్‌కి గాలి ఆడాలి. వైర్లు సన్నగా ఉంటే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది, బ్యాటరీ నిండుగా ఉన్నా అయిపోయిందనుకుని కంప్రెసర్ ఆగిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే సోలార్. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 30 ఏహెచ్ దాకా ఇస్తుంది, కానీ తెరచాప కొయ్య నీడ కాస్త పడినా సగానికి సగం పోవచ్చు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం బ్యాటరీ నిండాక వచ్చే కరెంటు వృథాయే, అప్పుడే ఫ్రిజ్‌ని గట్టిగా తిప్పి, లోపల చల్లబరిచే పలకకి ఆనించిన నీళ్ళసీసాలు గడ్డకట్టిస్తాను. మీ సైన్సు పుస్తకంలో గుప్తోష్ణం ఉంది కదా, అది ఇక్కడ పనికొస్తుంది. కిలో ఐసు కరగాలంటే 334 కిలోజౌళ్ళ వేడి మింగుతుంది, కరిగిన ఆ నీళ్ళు 0 నుంచి 5 డిగ్రీలకి రావడానికి 21 చాలు. రాత్రి థర్మోస్టాట్‌ని తక్కువ చల్లదనానికి తిప్పి పెడితే, ఐసు కరుగుతున్నంతసేపూ కంప్రెసర్‌కి పెద్దగా పని ఉండదు.

అన్నట్టు, ఆవకాయ, ఉల్లిపాయలు, టమాటాలు లోపల పెట్టక్కర్లేదు. వేడివేడి పప్పు గిన్నె అసలే పెట్టకూడదు, చల్లారాకే. గుడ్లు మాత్రం ఇక్కడ కడిగి అమ్ముతారు, పైపొర పోయి ఉంటుంది కాబట్టి వాటికి చోటివ్వక తప్పదు.

మీ తాతయ్య