పాత అమెరికన్ కార్లు, వాటి ఫ్యాక్టరీలు: అపోహలు - వాస్తవాలు

పాత అమెరికన్ కార్లను బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించడమే నా పని. అవంటే నాకు ప్రాణం. అందుకే వాటి గురించి లేనిపోని మాటలు వింటే ఊరుకోబుద్ధి కాదు. షెడ్డుకు వచ్చేవాళ్ల నోట ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: అప్పటి రేకు దిట్టం, గుద్దుకున్నా లోపలివాళ్లకు ఏమీ కాదు.

వాస్తవం: ఇది నమ్మి ప్రాణం మీదకు తెచ్చుకోకండి. 2009లో అమెరికాలో బీమా కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ 1959 బెల్ ఎయిర్‌ను, 2009 మాలిబూను గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. రెండూ షెవ్రొలే కార్లే. బెల్ ఎయిర్‌లో డ్రైవర్ కూర్చునే చోటే నలిగిపోయి, స్టీరింగ్ వెనక్కి పొడుచుకొచ్చింది. డ్రైవర్ సీట్లో పెట్టిన బొమ్మ స్థానంలో నిజం మనిషి ఉంటే బతికేవాడు కాదు. మాలిబూ డ్రైవర్‌కైతే కాలికి చిన్న దెబ్బతో పోయేది. కొత్త కారు ముందు భాగాన్ని నలిగి దెబ్బ మింగేలా తయారుచేస్తారు. పాత కారు ఆ దెబ్బను మీకే వదిలేస్తుంది.

అపోహ: ఫోర్డ్ మోడల్ టి ఎప్పుడూ నలుపే.

వాస్తవం: 1908లో మొదలైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో వచ్చేది. నలుపొక్కటే ఇచ్చింది 1914 నుంచి 1925 దాకా.

అపోహ: అప్పట్లో ఒక్కో కారునూ తీరిగ్గా, శ్రద్ధగా చేసేవాళ్లు.

వాస్తవం: అరవైల నాటి కారుకు ఫెండర్ (చక్రం మీది రేకు) విప్పి చూడండి. బోల్టు దగ్గర సందు సరిచేయడానికి పెట్టిన రేకు ముక్కలు ఒకవైపు రెండుంటే ఇంకోవైపు నాలుగుంటాయి. డాష్‌బోర్డ్ కింద పెయింట్ కారి చారలు కట్టి ఉంటుంది. ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ, అదే ఫైర్‌వాల్ మీద ఎవరో ఇన్‌స్పెక్టర్ క్రేయాన్‌తో హడావుడిగా గీసిన టిక్కు కనిపిస్తుంది. పనివాళ్లకు పని రాక కాదు, లైన్ ఆగదు కాబట్టి. 1913లో ఫోర్డ్ హైలాండ్ పార్క్ ప్లాంట్‌లో కదిలే లైన్ పెట్టాక, 12 గంటలకు పైగా పట్టే చాసిస్ (కారు అడుగు చట్రం) బిగింపు మరుసటి ఏడాదికల్లా గంటన్నరకు దిగింది. 1972 నాటికి ఒహాయోలోని లార్డ్స్‌టౌన్‌లో గంటకు సుమారు 100 షెవ్రొలే వేగా కార్లు! ఒక్కో కారు దగ్గర ఒక్కో మనిషికి దొరికేది 36 సెకన్లు. ఆ టెన్షన్ భరించలేకే అక్కడివాళ్లు సమ్మెకు దిగారు. ఆ కారును ముద్దుచేసేవాళ్లు ఈ సంగతీ తెలుసుకోవాలని నా కోరిక.

అపోహ: కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ దయతలచి పనివాళ్లకు రోజుకు 5 డాలర్ల జీతం ఇచ్చాడు.

వాస్తవం: లైన్ పని విసుగెత్తి జనం మానేస్తుంటే, 1913లో సుమారు 14 వేల మందిని నిలుపుకోవడానికి 52 వేలకు పైగా కొత్తవాళ్లను చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ప్రకటించిన 5 డాలర్లు అందుకు విరుగుడు. అదీ అందరికీ కాదు. కంపెనీ మనుషులు ఇళ్లకొచ్చి తాగుడుందా, పొదుపుందా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి ఒప్పుకుంటేనే. అయినా ఆ జీతం ఎన్నో కుటుంబాలను నిలబెట్టిందన్న మాట కూడా నిజమే.

అపోహ: బాగా రీస్టోర్ చేసిన కారు అద్దంలా మెరవాలి.

వాస్తవం: షెవ్రొలే స్పోర్ట్స్ కారు కార్వెట్‌ను రీస్టోర్ చేసేవాళ్లకు అమెరికాలో ఉన్న జాతీయ సంఘం పోటీల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కారు ఎలా ఉండేదో అదే కొలత. అంతకంటే నునుపుగా చేసినా మార్కులు పోతాయి. మీరు ఇలాంటి కారు కొనాలనుకుంటే సీటు స్ప్రింగుల్లో, పెట్రోల్ ట్యాంకు పైన బిల్డ్ షీట్ (ఫ్యాక్టరీలో కారుతో పాటు ఉండే ఆర్డరు కాగితం) ఇరుక్కుని ఉందేమో వెతకండి. ఏ ఇంజిన్, ఏ రంగు, ఏ సీట్లు పెట్టమన్నారో అందులో ఉంటుంది. ఎలుకలు కొరకని కాగితం దొరికితే మీ అదృష్టం. ఆ కారును మాత్రం వదులుకోకండి.