కలరాలో చంపేది క్రిమి కాదు, ఆలస్యం

"ఒకే క్రిమి కదండీ, ఒకచోట వందమందికి సోకితే ఒక్కరూ పోరు, ఇంకోచోట నలుగురు పోతారు. ఎందుకని?" అని ఒక పాఠకుడు అడిగారు. జవాబు ఆఫ్రికాలోని జింబాబ్వేలో ఉంది.

2008 ఆగస్టులో రాజధాని హరారే పక్కనున్న చిటుంగ్వీజాలో మొదలైన కలరా మరుసటి ఏడు జులై దాకా సాగింది. సుమారు 98 వేల మందికి సోకితే 4,200 మందికి పైగా పోయారు. నూటికి నాలుగు పైమాటే. వేళకి వైద్యం అందితే నూటికి ఒకటి దాటకూడదు. హరారే మురుగు చేరేది చివెరో జలాశయంలోకి, ఊరికి తాగునీళ్లు తోడేదీ అందులోంచే! శుద్ధి రసాయనాలు అయిపోయి డిసెంబరు మొదట్లో కుళాయిలు కూడా కట్టేశారు. జనం గుంతలు తవ్వుకుని ఆ నీళ్లే తాగారు. మన బళ్లలో పాఠం ఇక్కడితో ఆగిపోతుంది: కలుషిత నీటి వల్ల కలరా వచ్చును, రెండు మార్కులు. మనిషి ఎలా చనిపోతాడో ఎవరూ చెప్పరు.

బోరు మోటారు స్టార్టరులో పాయింట్లు అతుక్కుపోతే ఏమవుతుందో రైతులకు తెలుసు. ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కినా మోటారు ఆగదు. కలరా క్రిమి వదిలే విషం చేసేది అచ్చంగా ఇదే. పేగు కణంలోకి దూరి, జి-ప్రోటీన్ అనే స్విచ్చుకి ఏడీపీ-రైబోజ్ అనే రసాయనపు ముక్కను అతికిస్తుంది. జీటీపీ అనే అణువును విరిచి తనను తాను ఆపుకోవడమే ఆ స్విచ్చుకున్న ఎర్ర బటన్, అదిక పనిచేయదు. కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ పెరిగిపోతుంది, క్లోరైడ్‌ని పేగులోకి వదిలే ద్వారాలు బార్లా తెరుచుకుంటాయి, వెనకే సోడియం, నీళ్లు. గంటకి లీటరు దాకా పోవచ్చు. బోరు ఎండిపోతుంది. అయితే పేగులో ఇంకో లైను ఉంది, దానికీ ఈ స్టార్టరుకీ సంబంధం లేదు: ఒక్కో గ్లూకోజ్ అణువుతో రెండు సోడియం అయాన్లను లోపలికి లాక్కునే ద్వారం. లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు పనిచేసేది ఆ దారినే. పేగు పొర నాలుగైదు రోజుల్లో రాలిపోయి కొత్తది వస్తుంది, చెడిన మోటారు దానంతటదే పోతుంది. అందాకా నీళ్లు నింపుతూ ఉండాలి, అంతే. వాంతులు, విరేచనాలవుతుంటే నీళ్లివ్వకూడదని మాడ్చే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

2008లో జీతాలు గిట్టక సిబ్బంది రావడం మానేశారు, హరారేలో పెద్దాసుపత్రులు మూతబడ్డాయి. చావుల్లో సగానికి పైగా వైద్యకేంద్రాల బయటే జరిగాయి. పల్లెల్లో పరిస్థితి మరీ ఘోరం. బండి కట్టించుకుని బయల్దేరేలోపే ఒంట్లో నీరు అయిపోయేది.

2018లో కలరా అదే హరారేకి మళ్లీ వచ్చింది, గ్లెన్‌వ్యూ, బుదిరిరో వాడల్లో. ఈసారి క్రిమి యాంటీబయాటిక్ మందులైన సిప్రోఫ్లాక్సాసిన్‌కీ లొంగలేదు, సెఫ్‌ట్రయాక్సోన్‌కీ లొంగలేదు. పది వేల మందికి పైగా పడకేశారు. కానీ చికిత్స శిబిరాలు దగ్గర్లోనే తెరిచారు, సెలైన్ దొరికింది. చనిపోయినవారు 70 మంది లోపే.