జారాలి, కానీ జారకూడదు

చి. చిన్నూకీ, బుజ్జికీ,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీరు మొన్న ఫోన్లో అడిగినదానికి జవాబు ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఈ ఉత్తరం. "అక్క మంచు మీద జారుకుంటూ పోవడమేగా, దానికి ఏడాదంతా ప్రాక్టీసెందుకు?" అన్నావు కదా చిన్నూ. నువ్వలా అనుకోవడంలో వింతేం లేదు. టీవీలో ఎప్పుడూ కొండ మీంచి కిందకి దూసుకొచ్చేవాళ్లనే చూపిస్తారు. వాళ్లని కొండెక్కించడానికి లిఫ్టు ఉంటుంది. మీ అక్క చేసేది క్రాస్ కంట్రీ స్కీయింగ్. ఇందులో లిఫ్టూ లేదు, గిఫ్టూ లేదు. ఎత్తు ఎక్కాలన్నా, చదును మీద పోవాలన్నా, దిగాలన్నా సొంత కాళ్లూ చేతులే. బూటు ముందు కొస మాత్రమే స్కీకి, అంటే కాలికింద ఉండే పొడవాటి సన్నటి పలకకి, బిగిసి ఉంటుంది, మడమ హాయిగా పైకి లేస్తుంది. చేతుల్లో రెండు కర్రలు. వాటితో మంచుని వెనక్కి నెట్టుకుంటూ పోవాలి.

ఏటా ఫిబ్రవరి చివర్లో మేం మినియాపోలిస్ నుంచి కారేసుకుని పక్క రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో హేవర్డ్ అనే చిన్న ఊరికి వెళ్తాం. అక్కడ అమెరికన్ బిర్కెబైనర్ అనే రేసు జరుగుతుంది. ఉత్తర అమెరికాలో ఇంతకంటే పెద్ద క్రాస్ కంట్రీ స్కీ రేసు లేదు. ముద్దుగా అందరూ బిర్కీ అంటారు. అక్క పరిగెడుతుంది, మీ పెదనాన్న చూస్తారు, నేను రేసు హడావుడి అయ్యాక అడవిలో తీరిగ్గా తిరుగుతాను. ఎవరి సరదా వాళ్లది.

ముందు నీ ప్రశ్న సంగతి. కాసేపు ఆలోచించు. కిందంతా నున్నగా జారే పలక ఒకటి కాలికి కట్టుకున్నావు. ముందుకి పోవాలంటే కాలితో నేలని వెనక్కి తన్నాలి. జారే పలకతో తంతే ఏమవుతుంది? కాలు వెనక్కి పోతుంది, నువ్వు ఉన్నచోటే ఉంటావు. అంటే తన్నే క్షణంలో స్కీ మంచుని పట్టుకోవాలి, మరుక్షణం వదిలేసి జారాలి. ఈ రెండు పనులూ ఒకే పలక చేయాలి. క్రాస్ కంట్రీలో ఉన్న తంటా అంతా ఇదే, తమాషా అంతా కూడా ఇదే.

స్కీని బల్ల మీద పెడితే రెండు కొసలూ ఆనుతాయి కానీ మధ్య భాగం పైకి లేచి ఉంటుంది. దాని కింద ఓ కాగితం దూర్చి లాగితే ఇట్టే వచ్చేస్తుంది. రెండు స్కీల మీదా సమంగా నిలబడ్డా ఆ మధ్య భాగం మంచుకి కాస్త ఎడంగానే ఉంటుంది. ఒంటికాలి మీద బరువంతా వేసి గట్టిగా తొక్కితేనే అది మంచుకి ఆనుతుంది. అందుకని కొసలకి జారే మైనం రాస్తారు, మధ్యలో పట్టుకునే మైనం. తొక్కినప్పుడు పట్టు, వదిలినప్పుడు జారుడు.

పట్టు ఎలా దొరుకుతుందంటే, కొత్తగా పడిన మంచు రేణువులకి సన్నటి ముళ్లుంటాయి. చెప్పు అడుగులో పల్లేరుకాయ దిగినట్టు అవి మైనంలోకి దిగుతాయి. కాలు ఎత్తగానే ఊడి రావాలి కూడా. మైనం మరీ మెత్తనైతే ఆ ముళ్లు ఊడిరావు, మంచు అడుగున అతుక్కుని గడ్డకడుతుంది. మరీ గట్టిదైతే అసలు దిగవు, కాలు వెనక్కి పోతుంది. అందుకే మైనాలకి రంగులు. ఎముకలు కొరికే చలికి ఆకుపచ్చ, అంతకంటే కాస్త తగ్గితే నీలం, సున్నా డిగ్రీల దగ్గరికొస్తే ఎరుపు. మంచు పాతబడి, కరిగి మళ్లీ గడ్డకడితే ముళ్లు అరిగిపోతాయి. అప్పుడిక మైనాలు పనిచేయవు, క్లిస్టర్ అనే జిగురు ట్యూబులోంచి పిండి పూయాలి. అది స్కీకి ఎంత అంటుకుంటుందో తెలీదు గానీ వేళ్లకీ, జుట్టుకీ, కారు సీటుకీ మాత్రం బ్రహ్మాండంగా అంటుకుంటుంది.

రేసు ముందురోజు రాత్రి అక్కని చూడాలి మీరు. మోటెల్ గదిలో మైనం కరిగించవద్దని బోర్డు ఉంటుంది కాబట్టి వెనకాల గ్యారేజీలో కూర్చుంటుంది. స్కీకి వాడే ఇస్త్రీపెట్టె వేరే ఉంటుంది. దానికి మైనం కడ్డీ ఆనిస్తే చుక్కలు చుక్కలుగా స్కీ మీద పడుతుంది. ఆ చుక్కలమీద ఇస్త్రీ చేస్తుంది. చల్లారాక ప్లాస్టిక్ బద్దతో మొత్తం గీకి పారేస్తుంది! ఇంత ఖర్చు పెట్టి కొని గీకి పారేయడమేంటే అని మీ పెదనాన్న ఎప్పుడూ గొణుగుతారు. కావాల్సిన మైనం అప్పటికే స్కీ అడుగుభాగం పీల్చేసుకుంటుంది. పైన మిగిలింది అడ్డమే తప్ప ఉపయోగం లేదు. గీకాక బ్రష్షుతో రుద్ది, అద్దంలా మెరిశాక గాని నిద్రపోదు.

కొన్నేళ్ల కిందటి దాకా ఫ్లోరిన్ కలిపిన పొడులు వాడేవారు. తడి మంచు మీద వాటికి తిరుగులేదు. కానీ ఆ రసాయనాలు మట్టిలో, నీళ్లలో ఎన్నాళ్లైనా కరగవు, విరగవు, మనుషుల రక్తంలోకీ చేరతాయి. అందుకని 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాటిని పూర్తిగా నిషేధించింది. మంచి పనే చేసిందని నా ఉద్దేశం.

ఇప్పటిదాకా చెప్పింది క్లాసిక్ పద్ధతి. మంచు బాటలో చేసి ఉంచిన రెండు సన్నటి గాళ్లలో స్కీలు పెట్టి నేరుగా పోవడం. స్కేటింగ్ పద్ధతి ఇంకోటుంది. అందులో స్కీలు ఎడంగా పెట్టి, ఒకసారి ఈ పక్కకి, ఒకసారి ఆ పక్కకి అంచుతో నెట్టుకుంటూ పోతారు. అంచే పట్టునిస్తుంది కాబట్టి పట్టుకునే మైనంతో పనిలేదు, మొత్తం జారే మైనమే. 1980ల మొదట్లో బిల్ కోచ్ అనే అమెరికా ఆటగాడు ఇలా స్కేట్ చేస్తూ అందరినీ దాటేస్తుంటే పెద్ద గొడవైంది. ఆయన 1976 ఒలింపిక్స్‌లో 30 కిలోమీటర్ల పోటీలో వెండి పతకం తెచ్చినవాడు. ఇది మోసం అని కొందరు, లేదు ఇదే భవిష్యత్తు అని కొందరు. చివరికి రెండింటికీ వేర్వేరు పోటీలు పెట్టి గొడవ తెంపారు. అక్కది స్కేటింగ్, నాది క్లాసిక్. ఏది గొప్పో మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఈ రేసుకి ఆ వింత పేరు ఎలా వచ్చిందో బుజ్జి అడిగింది. 1206లో నార్వేలో సింహాసనం కోసం అంతర్యుద్ధం జరుగుతోంది. హోకన్ అనే పసివాడు ఆ సింహాసనానికి వారసుల్లో ఒకడు. వాడిని చంపడానికి శత్రువులు వెతుకుతుంటే ఇద్దరు సైనికులు ఆ పిల్లాడిని ఎత్తుకుని చలికాలంలో స్కీల మీద కొండలు దాటించారు. వాళ్ల వర్గం ఎంత పేదదంటే కాళ్లకి బిర్చి చెట్టు బెరడు చుట్టుకునేవారట, ఆ పేరే ఇది. పిల్లాడు బతికి పెద్దవాడై 1217లో రాజయ్యాడు. నార్వేలో 1932 నుంచి ఆ దారిలో రేసు జరుగుతోంది. పసివాడి బరువుకి గుర్తుగా అందరూ వీపున కనీసం మూడున్నర కిలోల సంచీ మోయాలి. అమెరికాలో టోనీ వైజ్ అనే ఆయన 1973లో దీన్ని మొదలుపెట్టాడు. హేవర్డ్ దగ్గర కేబుల్ అనే ఊళ్లో స్కీ రిసార్ట్ నడిపిన మనిషి. జనాన్ని పోగేయడంలో దిట్ట. దుంగలు నరికే ప్రపంచ పోటీలు కూడా ఆయనే హేవర్డ్‌లో పెట్టాడు. ఇక్కడి రేసులో సంచీ మోయక్కర్లేదు. కాకపోతే ప్రతి ఏడూ ముగ్గురు ఆ సైనికుల్లా, పిల్లాడి తల్లిలా వేషాలేసుకుని, చెక్క స్కీల మీద, బొమ్మ బిడ్డని మోస్తూ మొత్తం దూరం వెళ్తారు. వాళ్లు కనిపిస్తే గంటలు మోగిపోతాయి.

శుక్రవారం చిన్న రేసులు, 29 కిలోమీటర్లదీ, 15 కిలోమీటర్లదీ. శనివారం అసలుది. కేబుల్ దగ్గర మొదలై అడవిలో ఎక్కుతూ దిగుతూ, గడ్డకట్టిన చెరువు దాటి, హేవర్డ్ మెయిన్ స్ట్రీట్‌లో ముగుస్తుంది. స్కేటింగ్ వాళ్లకి 50 కిలోమీటర్లు, క్లాసిక్ వాళ్లకి ఇంకాస్త ఎక్కువ. అందరినీ ఒకేసారి వదిలితే కర్రలు విరుగుతాయి కాబట్టి పాత టైములను బట్టి జట్లు జట్లుగా వదులుతారు. మొదటివాళ్లు రెండు గంటల చిల్లరలో పూర్తి చేస్తారు. ఆఖరివాళ్లు చీకటి పడే వేళకి వస్తారు. మెయిన్ స్ట్రీట్ మామూలు తారురోడ్డే. రేసు కోసం లారీలతో మంచు తెచ్చి పోసి చదును చేస్తారు. మనం రోడ్డు మీద మంచు తీసేవాళ్లని చూశాం గానీ తెచ్చి పోసేవాళ్లని అక్కడే చూడాలి.

చూడటం కూడా పనే అర్రా. ఇది స్టేడియంలో కూర్చుని చూసే ఆట కాదు. అక్క అడవిలో ఉంటుంది, పెదనాన్న కారులో ఉంటారు. డబుల్ ఓ అని పిలిచే రోడ్డు బాటని దాటేచోట సగం దూరం అవుతుంది, జనమంతా అక్కడే. అక్కడ ఒకసారి చూసి, పరుగున షటిల్ బస్సెక్కి హేవర్డ్ చేరాలి. ఈలోపు ఏ కాస్త ఆలస్యమైనా అక్క ముగించేసి దుప్పటి కప్పుకుని, "మీరెక్కడ?" అంటుంది. నిలబడాల్సింది ఎత్తు పైభాగంలో, ఊపిరి ఆగిపోతున్నట్టుండే చోట. దిగుడు మలుపు కింద నిలబడకూడదు, పడేవాళ్లంతా అక్కడే వచ్చి పడతారు. బాట మీద నడవకూడదు, ముఖ్యంగా గాళ్ల మీద. అడుగుల గుంటలు రాత్రికి గట్టిపడి మర్నాడు ఇంకొకరిని పడేస్తాయి. ఇంకోమాట, ముప్పయ్యో కిలోమీటరు దగ్గర నిలబడి "అయిపోవచ్చింది, అయిపోవచ్చింది" అని అరవకూడదు. అంత క్రూరత్వం ఇంకోటి లేదు. "ఈ ఎత్తు దాటితే దిగుడే" అని నిజం చెప్పాలి. పెదనాన్న థర్మాస్‌లో వేడి వేడి మిరియాల చారు పోసుకెళ్తారు. రేసువాళ్లిచ్చే గోరువెచ్చటి తీపినీళ్ల కంటే అదే మేలని, ఒకసారి తాగిన పక్కాయన కూడా ఒప్పుకున్నాడు. మైనస్ 15లో నిలబడేవాళ్లకి పరిగెత్తేవాళ్లకంటే ఎక్కువ బట్టలు కావాలి. అక్క మాత్రం మొదట్లో కాస్త వణికేంతే వేసుకుంటుంది. వెచ్చగా మొదలుపెడితే పది నిమిషాల్లో చెమట, ఆ చెమట చల్లారితే ప్రమాదం.

అన్ని ఏళ్లూ ఇంత చక్కగా ఉండదు. 2017లో మంచు లేక రేసే రద్దయింది. 2024లో యంత్రంతో తయారు చేసిన మంచుని 10 కిలోమీటర్ల చుట్టుబాటగా పరిచి, దాని మీదే తిప్పారు. ఆ మంచు నీటి తుంపరలు గడ్డకట్టగా వచ్చిన గుండ్రటి గింజలు. ముళ్లు ఉండవు, మైనాల లెక్కంతా మారిపోతుంది. దానికి ముందు వారమే మా మినియాపోలిస్‌లో ప్రపంచ కప్ పోటీలు కూడా తయారు చేసిన మంచు మీదే జరిగాయి. అమెరికాలో అవి జరగడం 2001 తర్వాత అదే మొదలు. అలాస్కా కుర్రాడు గస్ షూమాకర్ 10 కిలోమీటర్ల రేసు గెలిస్తే మా గొంతులు పోయాయి. మన దేశం వాళ్లెవరూ లేరా అంటారేమో, ఉన్నారు. 2018 ఒలింపిక్స్‌లో జగదీశ్ సింగ్ 15 కిలోమీటర్ల పోటీలో దిగాడు.

ఇక ఆదివారం నాది. కేబుల్‌కి కాస్త దూరంలో జాతీయ అడవిలో రాక్ లేక్ బాటలున్నాయి. సన్నటివి, క్లాసిక్ వాళ్లకే. వీపున సంచీలో మ్యాపు, అగ్గిపెట్టె, ఒక పొడి చొక్కా, పులిహోర. గడియారం చూడను. నిటారు ఎత్తులొస్తే స్కీల ముందు కొసలు విప్పార్చి బాతులా ఎక్కడమే. దిగుడులో వేగం ఎక్కువైతే పక్కకి కూర్చుండిపోవాలి, ముందుకి పడకూడదు. లేచేటప్పుడు స్కీలని వాలుకి అడ్డంగా పెట్టుకున్నాకే లేవాలి, లేకపోతే కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే కిందకి పోతాం. బాట పక్కన కుందేలు అడుగులు చాలాదూరం వెంటే వస్తాయి. వెనక కాళ్ల గుర్తులు ముందు కాళ్లవాటికంటే ముందుంటాయి, ఎందుకో మీరే ఆలోచించండి. రేసులో అక్క ఇవేవీ చూడదు. అడిగితే "అక్కడ చెట్లున్నాయా?" అంటుంది.

వచ్చే డిసెంబర్‌లో మీరొస్తే బూట్లూ స్కీలూ కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతాయి. స్కీ ఎంచేటప్పుడు ఎత్తు కంటే బరువు ముఖ్యం. తేలికవాళ్లకి గట్టి స్కీ ఇస్తే ఎంత తొక్కినా మధ్య భాగం మంచుకి ఆనదు, బరువువాళ్లకి మెత్తటిదిస్తే ఎప్పుడూ ఆనుకునే ఉండి జారదు. కాబట్టి ఇద్దరూ బూటు సైజుతో పాటు బరువు కూడా రాసి పంపండి. అమ్మ చేత చూపించుకుని, స్వెటర్లు లేకుండా తూగండి. చిన్నూ, నువ్వు రెండు కిలోలు తగ్గించి రాస్తే నష్టపోయేది నువ్వే.

మీ
పెద్దమ్మ