సిలువ, త్యాగం: సంఘాల్లో తరచూ వినిపించే అపోహలు

పాస్టరుగా ఈ మాటలు నేను కౌన్సెలింగ్‌లో మళ్లీ మళ్లీ వింటుంటాను. అనేవాళ్లు చాలావరకు మంచి మనసుతోనే అంటారు. నలిగిపోయేది మాత్రం వినేవాళ్లు.

అపోహ: భర్త తాగొచ్చి కొట్టినా భరించడమే సిలువ మోయడం.

వాస్తవం: కానే కాదు. నజరేతు వాళ్లు కొండ మీద నుంచి తోసేయబోతే యేసు వాళ్ల మధ్య నుంచే దాటి వెళ్లిపోయాడు. దేవాలయంలో రాళ్లెత్తితే దాక్కుని బయటికి వచ్చేశాడు. ప్రధాన యాజకుడి ముందు బంట్రోతు కొడితే, నన్నెందుకు కొట్టావని నిలదీశాడు. పౌలునైతే రాత్రివేళ గంపలో పెట్టి దమస్కు గోడ మీద నుంచి దించారు. వీళ్లకు విశ్వాసం తక్కువని ఎవరమూ అనం. పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటికి చేరిన చెల్లెమ్మను మాత్రం ‘ప్రార్థన చేసుకుని తిరిగి వెళ్లమ్మా’ అని పంపేస్తాం.

తన ప్రాణం ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని యేసు అన్నాడు (యోహాను 10:18). 1941లో నాజీల ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో ఆకలితో చావడానికి ఎంపికైన ఒక పిల్లల తండ్రికి బదులు ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బే తనంతట తానే ముందుకొచ్చి చనిపోయాడు. అది త్యాగం. పక్కవాళ్ల ఒత్తిడికి దెబ్బలు తినడం త్యాగం కాదు.

ఇంకో సంగతి. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని ఎఫెసీ 5:25 చెప్పేది భర్తలకు. ఆ వచనం మీద ఆదివారం ప్రసంగం మీరు ఈమధ్య ఎప్పుడైనా విన్నారా?

క్షమించడం వేరు, అదే ఇంట్లో ఉండి దెబ్బలు తినడం వేరు. ఆమె క్షేమంగా వేరేచోట ఉన్నా భర్త మారాలని ప్రార్థన చేయొచ్చు. 2005 గృహ హింస చట్టం మనకూ వర్తిస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే అవిశ్వాసం అయిపోదు.

అపోహ: ఎంత ఎక్కువ వదులుకుంటే అంత ప్రేమ.

వాస్తవం: ఆస్తంతా పంచినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా, ప్రేమ లేకపోతే వ్యర్థమని 1 కొరింథీ 13:3లో ఉంది. డోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఈ వచనాన్నే మిషనరీల ముందు పెట్టారు. మీరు బీదలకు ఆస్తులిచ్చారు, శరీరాలను అర్పించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. తెల్ల మిషనరీలు భారతీయ సహచరులతో పాటించే దూరం గురించి ఆయన మాట్లాడింది. ప్రాణమివ్వడానికి ఓడెక్కి వచ్చినవాళ్లకు సాటి సేవకుణ్ణి సమానంగా చూడటం కష్టమైంది! అది విని సభలో కొందరు నొచ్చుకున్నారు. రెండేళ్లకు, 1912లో, ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

అపోహ: దేవుడికి ఇచ్చేటప్పుడు ఇంటి సంగతి చూసుకోకూడదు.

వాస్తవం: అమ్మానాన్నలకు చేయాల్సింది ‘కొర్బాను’, అంటే దేవుడికి ఇచ్చేశాం, అని ఎగ్గొట్టినవాళ్లను యేసు గట్టిగా తప్పుపట్టాడు (మార్కు 7). పిల్లల ఫీజు ఆపి మందిరం స్లాబుకు కానుక ఇమ్మని అడిగే హక్కు ఏ పాస్టరుకూ లేదు, నాతో సహా.

అపోహ: ఒళ్లు హూనమైతేనే నిజమైన భక్తి.

వాస్తవం: భోంచేయడానికి కూడా తీరిక లేని శిష్యులను పక్కకు వచ్చి అలసట తీర్చుకోమన్నది యేసే (మార్కు 6:31). ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల కాలంలో షుగర్ మాత్రలు మానేసి ఉపవాసం ఉండేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. తిండి మానకపోయినా వదులుకోవడానికి ఇంకా చాలా ఉన్నాయి: ఫోన్, సీరియల్, తోడికోడలితో ఏళ్ల తరబడి మానేసిన మాటల తాలూకు పంతం.