పాత కారు గేరు ఎందుకు గర్రుమంటుంది?

కడప

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు, మూడో గేరు నుంచి రెండుకు మార్చగానే మన పాత కారు గర్రుమంటే, "గేరుబాక్సు పోయింది తాతయ్యా" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. జవాబు అక్కడే చెబుదామనుకున్నాను గానీ, పైకి చేరాక మీ ధ్యాసంతా పాలకోవా మీదికి పోయింది.

రెండు వేర్వేరు వేగాలతో తిరిగే పళ్లు ఒకదానిలో ఒకటి ఇమడలేక ఒరుసుకుంటే వచ్చే చప్పుడు అది. 1928లో క్యాడిలాక్ కార్లలో మొదట వచ్చిన సింక్రోమెష్ ఏర్పాటు ఈ ఇబ్బందిని తీర్చింది: పళ్లు కలవకముందే ఒక ఇత్తడి రింగు గేరు అంచును ఒరుసుకొని, రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది. పాత రింగు ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. కొత్తదానిలో వేలు తిప్పితే సన్నని గీతలు గరుకుగా తగులుతాయి. ఇదేమో మీ అవ్వ చేతి గాజులా నున్నబడింది.

అయితే తప్పంతా రింగుదే అనుకోకూడదు. బండి నిలిపి, ఇంజను ఆడుతుండగా, దాన్ని గేరుబాక్సు నుంచి విడదీసే క్లచ్చు పూర్తిగా తొక్కి, పది లెక్కపెట్టి రివర్సు వేయండి. చాలా పాత కార్లలో రివర్సుకు సింక్రో రింగు ఉండదు కనుక, లోపలి పళ్లు తిరగడం ఆగేంతసేపు ఉన్న తరువాత కూడా అది గర్రుమంటే క్లచ్చు పూర్తిగా విడవడం లేదని అర్థం. ఇంజను ఆపినప్పుడు గేర్లన్నీ సులువుగా పడుతూ, ఆడుతున్నప్పుడు మొరాయించినా అనుమానించవలసింది క్లచ్చునే. ఇరవై ఏళ్ల కిందట నేను ఈ పరీక్ష చేయకుండానే ఒక షెడ్డులో గేరుబాక్సు దింపించి, రెండు రోజులు కూర్చున్నాక, క్లచ్ కేబులు పోగులు తెగి సాగిపోయిందని తేలింది. ఆ డబ్బు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మన కారుకు రివర్సు చప్పుడు లేకుండానే పడుతోంది. పరుగులో రెండో గేరు ఒక్కటే గర్రుమంటోంది. మూడు నుంచి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చు వదిలి, కాస్త యాక్సిలేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్చు తొక్కి రెండు వేస్తే మెత్తగా దిగుతోంది. వెనకటి లారీ డ్రైవర్ల పద్ధతి ఇది. రింగు చేయవలసిన పని మనం కాలితో చేసినప్పుడు చప్పుడు పోయిందంటే, అరిగింది రెండో గేరు రింగే.

గేరుబాక్సు విప్పించే ముందు ఆయిలు చూడాలి. కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో జీఎల్-4 రకం గేరు ఆయిలు అని ఉంటే జీఎల్-5 రకం పోయకూడదు. దానిలో ఎక్కువగా ఉండే గంధకపు మందులు ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది. ఆదివారం పొద్దున్నే రండి, పాత ఆయిలు పళ్లెంలోకి దించి, అందులో ఇత్తడి పొడి మెరుస్తోందేమో ఎండలో చూద్దాం.

మీ తాతయ్య