కుండ పాదు, కుప్పల పంపకం

పిల్లలూ,

బడి వెనక చెలకలో కూరగాయలు పెడతామన్నారు, నీళ్లేమో రోజుకు 4 బిందెలే అన్నారు. పది, పన్నెండు కుండ పాదులకు, అంటే నేలలో పాతిన మట్టికుండ చుట్టూ మొక్కలు పెట్టే పాదులకు, అవి చాలు. మన పాలమూరు ఎర్ర నేలలో పైన పోసిన నీళ్లు చాలావరకు ఎండకూ కలుపుకూ పోతాయి. కుండలో పోస్తే గోడలోంచి మెల్లగా ఊరి వేరుకే అందుతాయి.

10 లీటర్లు పట్టే మట్టికుండ తెచ్చుకోండి, రంగు వేసింది వద్దు. నీళ్లు నింపి నీడన పెడితే తెల్లారేసరికి ఒళ్లంతా చెమర్చాలి. కింద మడుగు కడితే అది పగిలిన కుండ. కుండకు రెండింతల వెడల్పు గుంత తీసి, కుండను అందులో దింపి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి చుట్టూ కూరండి. మెడ రెండు వేళ్లు పైకి ఉండాలి, లేకుంటే వానకు బురద లోపలికి దిగి కుండ ఊరడం మానేస్తుంది. మూకుడు మూయండి, దోమలు గుడ్లు పెట్టకుండా.

గింజ కుండకు బెత్తెడు దూరంలో పెట్టాలి. బీర, సొర, కాకర అయితే కుండకు రెండు, వంగ, మిర్చి అయితే నాలుగు. వేరు తడిని అందుకునేదాకా, అంటే సుమారు రెండు వారాలు, పైనుంచి చెంబుతో పోయక తప్పదు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: కుండ ఉంది కదా అని మొలకను మరిచిపోతారు. తర్వాత నేల పొడిబారితే కుండ ఎక్కువ ఊరుతుంది, తడిగా ఉంటే తక్కువ. సగం దిగగానే నింపండి. ఉప్పు బోరు నీళ్లయితే కుండకు తెల్లగా పేరుకుంటుంది, పంట అయ్యాక తీసి పీచుతో రుద్దాలి. పాదు మీద పల్లి పొట్టు కప్పండి గానీ కాండానికి ఆనించొద్దు, చెదలెక్కుతాయి.

సొరపూలు సాయంత్రం విచ్చుతాయి. పిందెలు పసుపెక్కి రాలుతుంటే మందు కొట్టడానికి పరుగెత్తకండి. చాలాసార్లు పుప్పొడి అందకే అలా అవుతుంది. పొద్దుగూకే వేళ మగపువ్వు తెంపి, అడుగున పిందె ఉన్న పువ్వుకు అద్దండి.

పంపకం సంగతి విత్తకముందే తేల్చుకోండి. బెండ రోజు విడిచి రోజు కోయాలి. ముదిరితే పీచెక్కుతుంది, చెట్టు పూత తగ్గిస్తుంది. అందుకని కోత రోజులు, నీళ్ల వంతులు గోడ మీద రాసిపెట్టండి. కోసిందంతా ఒకచోట పోసి, ఇళ్లెన్నో అన్ని కుప్పలు పెట్టాలి. ఒకరు అటు తిరిగి నిలబడితే, ఇంకొకరు కుప్ప మీద చెయ్యేసి "ఇదెవరిది?" అనాలి, అటు తిరిగినవారు పేరు చెప్పాలి. కుప్పలు పోసినవారికి చివర మిగిలింది. జ్వరమొచ్చి వంతు తప్పినవారి కుప్ప ఆపొద్దు, ఆ నీళ్లు తర్వాత పోస్తారు. ఒంటరి ముసలివాళ్లుంటే వాళ్లదీ ఒక కుప్ప, లెక్క అడగొద్దు.

మంచి తీగకు కాసిన ఒక సొరకాయకు గుడ్డపేలిక కట్టి విత్తనానికి వదిలేయండి. ఊపితే గింజలు గలగలలాడాకే కోయాలి. అది కుప్పల్లోకి రాదు.

మీ తాత