ఇంకాల బాట మీద ఊళ్ళ వాటా

పెరూలో, స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన ఇంకాల కొండ నగరం మాచు పిచ్చుకు నడిచి వెళ్ళే ‘ఇంకా ట్రెయిల్’ పర్మిట్లు సీజన్‌లో నెలల ముందే అయిపోతాయి. రోజుకు 500 మందినే వదులుతారు, అందులో సగానికి పైగా పోర్టర్లు, గైడ్లే. ఇంత గిరాకీ ఉన్నా దారి పక్క ఊళ్ళకు మిగిలేది ఎంత? ఈ తగవు టూరిజంతో పుట్టింది కాదు.

ట్రెయిల్ అంటే 40 కిలోమీటర్ల పైచిలుకు ముక్క మాత్రమే. అసలు బాట పేరు ఖపాక్ న్యాన్. సుమారు 30 వేల కిలోమీటర్లు, నేటి ఆరు దేశాల్లో పరుచుకుంది. చక్రాల బండి, గుర్రం లేని రాజ్యం ఇంకాలది. నడిచేది మనుషులూ, బరువులు మోసే లామా జంతువులే కాబట్టి కొండ నిటారుగా ఉంటే మెట్లు కట్టేశారు. ఆ పనంతా ఊళ్ళదే. పన్ను డబ్బుగా కాకుండా ఒంటి చాకిరీగా చెల్లించాలి. దాన్ని మిటా అనేవారు. పనికొచ్చిన వాళ్ళకు తిండీ, చిచా అనే మొక్కజొన్న కల్లూ రాజ్యమే పోసేది.

1532లో స్పెయిన్ వాళ్ళు దిగారు. మిటా పేరు అలాగే ఉంచి, జనాన్ని ఇప్పటి బొలీవియాలోని పొతోసి వెండి గనులకు తోలారు. అది పచ్చి వెట్టి. 1570ల్లో తొలేదో అనే స్పెయిన్ వైస్రాయ్ చెదురుగా ఉన్న పల్లెలను ఖాళీ చేయించి కొత్త ఊళ్ళలో కుక్కాడు. దాంతో చాలాచోట్ల బాటను చూసుకునే దిక్కు లేకుండా పోయింది. ఆ తర్వాత భూములు దొరల ఎస్టేట్లలో కలిశాయి. 1969 భూసంస్కరణతో గానీ రైతు సముదాయాల చేతికి తిరిగి రాలేదు. నా లెక్కలో ఇప్పటి కమ్యూనిటీ టూరిజానికి పునాది అక్కడే ఉంది. నేల చేతిలో లేనివాడు అతిథిని ఏం పిలుస్తాడు?

బాటకు దూరమే అయినా, తొలి పాఠం తితికాకా సరస్సులోని తకీలే దీవిలో దొరికింది. 1970ల్లో అక్కడివాళ్ళు సొంత పడవలు నడుపుతూ, వచ్చినవాళ్ళను వంతులవారీగా ఇళ్ళల్లో పెట్టుకున్నారు. 1990ల్లో పడవల వ్యాపారం ఒడ్డున ఉన్న పునో పట్టణంలోని టూరిస్టు ఏజెన్సీల పాలైంది. ఇంకా ట్రెయిల్ పోర్టర్లకైతే బరువు 20 కిలోలు దాటకూడదన్న చట్టమే 2001లో వచ్చింది.

2014లో యునెస్కో ఖపాక్ న్యాన్‌ను ప్రపంచ వారసత్వంగా గుర్తించాక, ఊళ్ళ పాత్ర గురించి అందరూ మాట్లాడుతున్నారు. మాటలకేం, పని చూడాలంటే కుస్కో ప్రాంతంలోని కెస్వాచాకాకు వెళ్ళాలి. అపురిమాక్ నది మీద ఉన్న ఈ గడ్డి వంతెనను నాలుగు ఊళ్ళు ఏటా జూన్‌లో మార్చేస్తాయి. ఇంటింటి నుంచీ కోయా గడ్డి పేనిన సన్నతాళ్ళు వస్తాయి. సన్నతాళ్ళు పేనడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. వాటిని మగవాళ్ళు కలిపి తొడంత లావు మోకులు చేస్తారు. పాత వంతెనను కోసి నదిలోకి వదిలేస్తారు. పక్కనే వాహనాల వంతెన ఉన్నా ఈ పని ఆపలేదు. ఇప్పుడు చూడ్డానికి టూరిస్టులు వస్తారు, అయినా వాళ్ళ కోసం మొదలైన పని కాదిది.

2020లో కరోనా వల్ల జూన్ పని ఆగింది. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడింది. టూరిస్టులు దాదాపు లేని ఆ ఏడాది జూన్‌లోనే నాలుగు ఊళ్ళూ మళ్ళీ గడ్డి కోసి, పేని, కొత్త వంతెన కట్టేశాయి.